తీపి కార్జం

"రాజమల్లుకు పార్టీ లివరట!"

సాంచలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలో మాట చెవిన పడదు. పెదవుల మీద చదువుకోవాల్సిందే. మెహతాజీ తన గది గుమ్మంలో నిలబడి, కాగితం చూసి "లివర్ ఫార్టీ దాటింది" అని అరిచాడు. మొదటి వరుసవాడు ఫార్టీని "పార్టీ" అని చదువుకొని రెండో వరుసకు అందించాడు. సూరత్‌లో పార్టీ అంటే రెండే అర్థాలు. ఒకటి, గుడ్డ కొనే వ్యాపారి. రెండు, గుజరాత్ సర్కారు వద్దన్న సీసా చుట్టూ కూర్చునేది. రాజమల్లు గుడ్డ నేసేవాడే కానీ కొనేవాడు కాదు గనక రెండోదే ఖాయమైంది. వార్త ఆఖరి వరుసకు చేరేసరికి రాజమల్లు పార్టీ చేసుకున్నాడు, ఎవ్వరినీ పిలవలేదు, సీసా మొత్తం ఒక్కడే ఖాళీ చేశాడు.

ఆ ఒక్కడు అప్పుడు, పేక పోగు మోస్తూ సాంచలో అటూ ఇటూ దూసుకెళ్ళే నాడెలో కొత్త దారం కండె పెడుతున్నాడు. నాడె కంటికి పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే పోగు కొస ఇవతలికి వస్తుంది. ముసలి సాంచలు, ముసలి పద్ధతి. "నా నోట్లెకు పోయేది దారం, దారు గాదు" అని రాజమల్లు అందరితో అనేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. ఇవాళ అతను తలెత్తేసరికి, ఏమీ అనకముందే నవ్వుతున్నారు. పక్క సాంచ నరహరి బొటనవేలు నోటి దగ్గర పెట్టి సీసా ఎత్తినట్టు చూపించి, "ఎప్పుడు?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

"ఎప్పుడేంది?" అని రాజమల్లు పెదవులతోనే అడిగాడు.

జవాబు రాకముందే మెహతాజీ వేలు ఆడించి రమ్మన్నాడు. మెహతాజీ అంటే కార్ఖానాలో లెక్కలూ మనుషులూ రెండూ చూసుకునేవాడు. లెక్కల్ని మనుషుల్లా జాగ్రత్తగా చూసుకుంటాడు, మనుషుల్ని లెక్కల్లా కొట్టేస్తాడు.

గది తలుపు మూస్తే చప్పుడు సగం తగ్గింది.

"రాజమల్‌భాయ్, పీతే హో?"

"పీతా హూఁ. ఛాయ్."

"మజాక్ వద్దు." కాగితం మీద ఒక అంకె కింద ఎర్రగీత ఉంది. "ఇది లివర్ ఎంజైమ్. ఉండాల్సినదానికి రెండింతల పైన ఉంది. లివర్ ఖరాబ్ అంటే దారు. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"మరి చిన్నపిల్లగాణ్ణే అడగండ్రి! పెద్దోణ్ణి నేను చెప్తున్న గదా, ముట్టనని!"

అసలు ఈ కాగితాల గొడవ ఎందుకొచ్చిందో కార్ఖానాలో అందరికీ తెలుసు. కిందటి నెల పరమేశ్వర్ సాంచ మీద నాడె ఎగిరింది. ఎగిరినా మనిషి మీదికి రాకుండా అడ్డంగా ఒక ఇనుప కమ్మి ఉండాలి. ఆ సాంచకు లేదు. దేవుడు పరమేశ్వరుడికి మూడు కళ్ళు, మన పరమేశ్వర్‌కు ఉన్నవే రెండు, అందులో ఒకటి పోయింది. సలాబత్‌పురా దుకాణంలో కూర్చునే కార్ఖానా సేఠ్ కమ్మి ఊసెత్తలేదు. "కారీగర్లు తాగి పనికొస్తున్నారు" అన్నాడు. అని, హెల్త్ క్యాంపు పెట్టించాడు. సాంచ కింద కారిన రక్తాన్ని నీళ్ళు కొట్టి కడిగేసినవాళ్ళే, అందరి చేతుల్లోంచి రక్తం తీసి సీసాల్లో భద్రంగా పట్టుకుపోయారు. పని మళ్ళీ కావాలంటే క్యాంపుకు రమ్మంటే, పరమేశ్వర్ కంటికి కట్టు కట్టుకొనే వచ్చి చెయ్యి చాపాడు.

"నీదీ పరమేశ్వర్‌దీ ఒకే మాల్," అన్నాడు మెహతాజీ. "ఇద్దరి లివర్లూ ఎక్కువ. తాగట్లేదని డాక్టర్ దగ్గర రాయించుకురా. అందాకా సాంచల దగ్గరికి రావద్దు."

రాజమల్లుకు నెత్తురంతా మొహంలోకి వచ్చింది. సాంచలు పోయినందుకు కాదు ముందు, ఆ పేరు పక్కన తన పేరు పెట్టినందుకు.

"పరమేశంగానితోని నన్ను జోడు కడుతవా? ఆడు తాగుతడు! ఊరందరికీ ఎరుకే. నేను తాగ! ఆన్ని ఏమన్న చేసుకోండ్రి, నన్ను కలపకండ్రి!"

మెహతాజీ అప్పటికే తలుపు తీశాడు. చప్పుడు లోపలికొచ్చి ఆ మాటలన్నిటినీ మింగేసింది. రాజమల్లు బయటికొచ్చేసరికి అతని సాంచలు ఆగలేదు. నరహరి అటూ ఇటూ పరుగెత్తుతూ రెండు వరుసలూ చూసుకుంటున్నాడు, కళ్ళు కలపకుండా. లివర్ పేరు చెప్పి లీవు ఇవ్వడమంటే ఇదే.

గేటు దగ్గర గంగవ్వ ఛాయ్ కేటిల్ దించి కూర్చుంది. ఆమె ఛాయ్ రోజూ సాంచ దగ్గరికే వస్తుంది. బీడీ తాగేవాడు బీడీకి బయటికి పోతాడు, గుట్కా నమిలేవాడు ఉమ్మడానికి పోతాడు. వాళ్ళు వచ్చేదాకా పక్కవాడు వాళ్ళ సాంచ చూస్తాడు. అది కార్ఖానా మర్యాద. ఏ అలవాటూ లేని రాజమల్లుకు బయటికి పోవడానికి కారణమే లేదు. నిలబడ్డచోటే నిలబడి గ్లాసు మీద గ్లాసు తాగుతాడు. ఏ అలవాటూ లేని మనిషని గంగవ్వ అతని గ్లాసులో మాత్రం ఒక చెంచా చక్కెర ఎక్కువేసి, కలపకుండా ఇస్తుంది. అడుగున తెల్లగా మిగిలినది వేలితో నాకడం అతనికి సెలవు. మనవాళ్ళ బిరాదరీ దావత్‌లలో మిగతావాళ్ళు పక్క గదిలోకి జారుకుంటే, "మన రాజమల్లు ముట్టడు" అని పెద్ద కూల్ డ్రింక్ సీసా అతని ముందు పెడతారు. దాన్ని ఒక్కడే అయిపోగొట్టడం అతనికి బిరుదు.

"ఏంది కొడుకా, పనియాల్ల బయటున్నవ్?" అని గంగవ్వ గ్లాసు అందించింది.

"తాగుతనట అవ్వా."

"ఎవడన్నడు? ఆని నోట్ల మన్నువడ! నా కొడుకు బంగారం." ఇంకో చెంచా వేసింది.

*

కోసాడ్ కాలనీలో నాలుగో అంతస్తుకు మెట్లెక్కేసరికి అతనికి ఆయాసం వచ్చింది. వార్తకు రాలేదు. అది ముందే ఎక్కి కూర్చుంది.

పద్మారాణి చీర మీద రాళ్ళు అతికిస్తోంది. గమ్ము చుక్క, రాయి, వేలితో నొక్కు. గమ్ము చుక్క, రాయి, నొక్కు. అతను చెప్పులు విడవగానే లేచొచ్చి మొహంలో మొహం పెట్టింది.

"ఊదు."

"ఏందీ?"

"ఊదుమంటున్న."

"నువ్వు పెండ్లానివా, పోలీసువా?"

"రెండూ. ఊదు."

ఊదాడు. ఛాయ్ వాసన. ఆమె మొహం కొంచెం తేలికై, మళ్ళీ బిగుసుకుంది. "కొన్నిటికి వాసనే రాదంటరు" అని వెళ్ళి రాళ్ళ ముందు కూర్చుంది. ఈసారి నొక్కుడు కొంచెం గట్టిగా పడింది.

కూతురు హారతి కాగితం తీసుకొని ఫోన్లో చూస్తూ కూర్చుంది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఒక వాక్యంలో మూడు భాషల నీళ్ళు తాగుతుంది. "బాపూ, ఇందులో దారు అని ఏక్ బార్ కూడా రాసిలేదు. ఎంజైమ్ జాస్తీ ఉందని రాసింది, అంతే. ఇంకా మస్తున్నై ఇక్కడ, షుగర్, చర్బీ... వాటి కింద ఎవ్వరూ లైన్ కొట్టలే."

"ఎంజైమో ఎంజాయో, మీ బాపు ఎంజాయ్ చేసినట్టు ఊరంతా ఎరుకైంది," అంది పద్మారాణి. "కింద నల్ల కాడ నన్ను చూసి మాట్లాడుడు బంద్ జేసిన్రు. నేను బిందె వెట్టంగనే."

మర్నాడు మధ్యాహ్నం పప్పు చేదుగా ఉంది.

రాజమల్లు మొదటి ముద్ద మింగాడు. రెండో ముద్ద దగ్గర ఆగాడు. పద్మారాణి అటు తిరిగి గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"ఏం కలిపినవ్?"

"మెంతులు."

"మెంతుల చేదు నాకు తెల్వదా? ఏం కలిపినవ్?"

గిన్నె ఆగింది. "మా చిన్నవ్వ ఇచ్చింది. పొడి. తాగుడు మాన్పుతదట. చెప్పకుండ కలపాల్నట."

రాజమల్లు లేచాడు, కంచం చేతిలోనే ఉంది. విసిరేద్దామని ఎత్తాడు. అన్నం కదా, దించాడు. "మందు మాన్పిచ్చే మందు! మందే తాగనోనికి మందు మాన్పిచ్చే మందు! రేపు తినని పొగాకు మాన్పిస్తవ్, ఎల్లుండి ఆడని పేకాట మాన్పిస్తవ్. నాకు తెలిసిన పేక సాంచ మీదుండే పేకనే! అది కూడ నిన్ననే మాన్పిచ్చిన్రు గద!"

పద్మారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వా ఏడుపా అని అతను చూశాడు. ఏడుపే.

"మరి ఏం జెయ్యాల్నయ్యా? ఆ పని వోతే మనకు ఇంకో కార్ఖాన దొరుకుతదా? తాగుబోతని పేరొచ్చినోన్ని ఎవడు నిలవెట్టుకుంటడు?"

అది నిజం. ఈ ఊళ్ళో పని పోవడం చిన్న మాట, పేరు పోవడం పెద్ద మాట. ఒక కార్ఖానాలో "తాగుతాడు" అంటే సాయంత్రానికల్లా కడోదరా దాకా అన్ని గేట్లూ మూసుకుంటాయి. రాజమల్లు కంచం కింద పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"రాయిచ్చుకొస్త," అన్నాడు. "నేను వేరు, పరమేశంగాడు వేరని ముద్ర ఏయిచ్చుకొస్త."

*

సర్కారీ దవాఖానాలో డాక్టరమ్మ గుజరాతీ మనిషి, హిందీలో నెమ్మదిగా మాట్లాడింది. తాగుతారా అని అడిగింది. లేదన్నాడు. ఆమె ఊదమనలేదు. లేదని రాసుకుంది. ఈ మూడు రోజుల్లో అతని నోటిమాటను మాటగా తీసుకున్న మొదటి మనిషి ఆమె.

ఎర్రగీత ఉన్న అంకెను ఆమె ఒకసారి చూసి వదిలేసి, గీత లేని అంకెల మీద వేలు పెట్టింది. పరగడుపు షుగర్ గట్టు మీద ఉంది, దాటలేదు. రక్తంలో కొవ్వు గట్టు దాటింది. లేచి నిలబడమని నడుము చుట్టూ టేపు వేసింది. గజాలకు గజాలు నేసిన మనిషి, తనను కొలవడం మొదటిసారి. చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం పడుగు చుట్టిన బీములా ముందుకొచ్చింది. పక్క గదిలో పొట్ట మీద చల్లటి జిగురు రాసి మిషన్ తిప్పారు.

"లివర్‌లో, అదే మీ కార్జంలో, కొవ్వు పేరుకుంది," అందామె. "రోజూ ఏం తీసుకుంటారు?"

అతను గర్వంగానే చెప్పాడు. అలవాట్లు ఏమీ లేవు. ఛాయ్. ఎన్ని? గంగవ్వ ఎన్నిస్తే అన్ని. చక్కెర? జర ఎక్కువ. నైట్ షిఫ్టులో బిస్కెట్ పుడా ఒకటి, నిద్ర రాకుండా. దావత్‌లలో కూల్ డ్రింక్, ఎవ్వరితో పంచుకోకుండా. జిలేబీ, వద్దంటే బాగుండదని. ఒక్కొక్కటీ చెప్తుంటే ఆమె కలం ఒక్కో గీత గీస్తోంది. నాలుగో గీత దగ్గర అతని గొంతులో గర్వం దిగిపోయింది.

"అలవాట్లు ఏం లేవన్నారు."

"ఇవి అలవాట్లా అమ్మా? ఇవి మర్యాదలు."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇలాంటి కార్జంతో నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది తాగనివాళ్ళే. తీపి ఎక్కువ, నడుము ఎక్కువ, నిద్ర తక్కువ. షుగర్ జబ్బు రాబోయే ముందు కార్జం ఇలా తలుపు కొడుతుంది. ఇప్పుడు వింటే మందుల అవసరం లేకుండానే తగ్గొచ్చు. చక్కెర ఆపండి, ఆ సీసాలు ఆపండి, బరువు కొంచెం దించండి, రోజూ వేగంగా నడవండి."

"నడుసుడా? షిఫ్టంత సాంచల నడుమ నడుసుడే గద!"

"పది అడుగులు వేసి ఆగడం నడక కాదు. నిద్ర?"

పదిహేను రోజులకోసారి పగలూ రాత్రీ తారుమారయ్యే మనిషిని నిద్ర గురించి అడగడం, కాలువ పక్కనున్నవాణ్ణి దోమల గురించి అడగడమే.

"ఈ ఎంజైమ్ ఎక్కువుంటె తాగినట్టేనని మెహతాజీ అంటుండు."

"ఎంజైములు ఉండాల్సింది కార్జం లోపల. దానికి దెబ్బ తగిలితే బయటికి కారి రక్తంలో కలుస్తాయి. దెబ్బ తగిలిందని ఈ అంకె చెప్తుంది. కొట్టినవాడి పేరు చెప్పదు. మీ విషయంలో కొట్టింది కొవ్వేనని మిగతా పరీక్షలు చూసి చెప్తున్నాను. ఈ ఒక్క అంకె చూసి ఎవరినీ తాగుబోతు అనలేం." ఆమె రాసి, ముద్ర వేసి ఇచ్చింది.

బయట బల్ల మీద పరమేశ్వర్ కూర్చుని ఉన్నాడు, కట్టు మార్పించుకోవడానికి. వరసకు బావమరిది. ఒంటికన్నుతోనే ముందుగా చూశాడు.

"ఏంది బావా, గిటొచ్చినవ్?"

రాజమల్లు కాగితం ఊపాడు. "తేలింది! నాది తాగుడు లివర్ గాదు. కొవ్వు. తీపి. డాక్టరమ్మ ముద్రేసి ఇచ్చింది!"

"మంచిగైంది," అన్నాడు పరమేశ్వర్. మాటలో ఎత్తిపొడుపు వెతికినా దొరకలేదు, అదే కుట్టింది. "నువ్వు బయటపడ్డవ్. ఇగ తాగుబోతును నేనొక్కన్నే."

"నువ్వు తాగుతవు గదరా మరి!"

"తాగుత. ఐతారం నాడు తాగుత. నాడె ఎగిరింది మంగళారం పొద్దుగాల, ఛాయ్ కూడ తాగకముందు." కట్టు అంచు సర్దుకున్నాడు. "నేను తాగుతనని ఆ నాడెకు ఎవ్వలు చెప్పిన్రో ఏమో బావా. గురివెట్టి నా కాడికే వచ్చింది."

లోపలినుంచి పేరు పిలిచారు. గోడ పట్టుకుంటూ వెళ్ళాడు. గుమ్మం ఎటుందో ఇంకా అలవాటు కాలేదు. రాజమల్లు చేతిలో కాగితం మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

*

మెహతాజీ కాగితం చదివి పెద్దగా నవ్వాడు. "అరే, మీఠా లివర్! ముందే చెప్పొద్దా? పో, నీ సాంచలు తీసుకో." అని భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్క పని చెయ్. నువ్వు పాత మనిషివి, నీ మాట వింటారు. మీ భాషలో అందరికీ చెప్పు. క్యాంపులో అన్యాయం ఏం జరగలేదు, తాగని రాజమల్లుకు పని దొరికింది, తాగే పరమేశ్వర్ తన కన్ను తానే పోగొట్టుకున్నాడు, సేఠ్ తప్పేం లేదు అని చెప్పు."

"అందరికి చెప్పాల్నా?"

"అందరికీ."

రాజమల్లు తన వరుసలోకి వెళ్ళాడు. నరహరి సిగ్గుపడుతూ పక్కకు జరిగాడు. సాంచలు దడదడమంటున్నాయి, నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. అన్నీ తనవే, అన్నీ తిరిగొచ్చాయి. గంగవ్వ గ్లాసు పట్టుకొని గుమ్మంలో నిలబడింది. ఈ చప్పుడులో ఏం చెప్పినా మొదటి వరుస ఒకటి వింటుంది, ఆఖరి వరుస ఇంకొకటి వింటుంది. అందరికీ ఒకటే మాట వినపడాలంటే దారి ఒక్కటే ఉంది, ఆ దారిన ఈ కార్ఖానాలో ఎవరూ పోలేదు. ఎందుకంటే సాంచ ఆగినంతసేపూ కారీగర్ కడుపు ఆగాలి.

చెయ్యి చాపి మొదటి సాంచ ఆపాడు. రెండోది ఆపాడు. తన వరుసంతా ఆపి, చేతులు పైకెత్తి మిగతావాళ్ళకు ఆపమని చూపించాడు. పోగు తెగినా ప్రాణం పోయినట్టు పరుగెత్తే మనిషి సాంచ ఆపుకొని నిలబడితే, ఏదో కొంప మునిగిందనుకొని నరహరి తనదీ ఆపాడు. అతన్ని చూసి అవతలివాడు. వరుస తర్వాత వరుస, చప్పుడు మెట్లు దిగినట్టు దిగి, నేల మీద ఆగింది. పంకాల గాలి వినపడింది. ఎవరో దగ్గితే అందరూ ఉలిక్కిపడ్డారు.

"నాకు తాగుడు లివరని అన్నరు," అన్నాడు రాజమల్లు. అలవాటు కొద్దీ అరిచాడు, గొంతు గోడకు తగిలి తిరిగొచ్చింది. తగ్గించాడు. "గాదు. కార్జంల కొవ్వు. అవ్వ చక్కెర, దావత్‌ల సీసాలు, నిద్రలేని షిఫ్టులు. తాగనోన్నని నాకు మీరు చేసిన మర్యాదలే నా కార్జంల కూసున్నయి. మీల ఇంకెంతమందికి ఉన్నదో, చూపిచ్చుకోండ్రి."

గంగవ్వ గ్లాసును కొంగు చాటుకు దాచింది.

"ఇంకోటి. గుడ్డ మీద నూనె మరక వడితె మరక కనవడుతది. ఏ సాంచ కారిందో మరక చెప్తదా? చెప్పది. ఈ ఎంజైములు గంతే. నన్ను చూసి తాగిండన్నరు, తప్పయింది. పరమేశాన్ని చూసి తాగిండన్నరు. ఆడు తాగుతడు, నేను కూడ అన్న. మొన్న మెహతాజీ గదిలనే అన్న, ఆన్ని ఏమన్న చేసుకోండ్రని." ఆగాడు. "కాని ఆని కార్జంల ఏమున్నా, కన్ను తీసింది కార్జం గాదు. నాడె. నాడె తాగి ఎగిరిందా?"

మెహతాజీకి తెలుగు రాదు, అతనితో మాటలన్నీ హిందీలోనే. కానీ ఆగిన సాంచలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి. గదిలోంచి పరుగెత్తుకొచ్చి "చాలూ కరో! చాలూ కరో!" అని అరిచాడు. చాలూ అంటే వాళ్ళ భాషలో మొదలుపెట్టమని. చాలు అంటే మన భాషలో ఇంక ఆపమని. ఆ పూట ఎవరి చెవికి వాళ్ళ భాషే వినపడింది, ఒక్క చెయ్యీ కదల్లేదు.

"రాజమల్! నిన్ను ఏం చెప్పమన్నాను, నువ్వేం చెప్తున్నావు? కాగితం తెచ్చావు, పని ఇచ్చాను. మళ్ళీ తీసేయమంటావా?"

రాజమల్లు అతనివైపు చూశాడు. భయం వేసింది, అది మొహంలోనే ఉంది, దాచుకోలేదు. పద్మారాణి మొహమూ, నల్ల దగ్గర బిందే కళ్ళ ముందుకొచ్చాయి. మళ్ళీ మనుషుల వైపు తిరిగాడు.

"పరమేశం సాంచకు అడ్డకమ్మి లేదని అందరికి ఎరుకే," అన్నాడు. "మీమీ సాంచలకు ఉన్నదా? జర వంగి చూడండ్రి. లేనోళ్ళు చెయ్యెత్తుండ్రి."

ముందు నరహరి వంగాడు. ఆ పక్కవాడు వంగాడు. నమస్కారం పెట్టడానికి తప్ప ఎన్నడూ సాంచ ముందు వంగని మనుషులు, వరుసలు వరుసలుగా వంగి తమ సాంచల్లోకి తొంగి చూశారు. నరహరి చెయ్యి లేచింది. రెండో వరుసలో రెండు చేతులు లేచాయి. వెనక ఎక్కడో ఇంకొకటి, ఇంకొకటి.

రాజమల్లు చేతులు ఎంచుతూ ఎంచుతూ ఆగి, తన సాంచల వైపు తిరిగి వంగాడు. మొదటిదానికి ఉంది. రెండోదానికి, కమ్మి ఉండాల్సిన చోట, బోల్టు ఊడిన రంధ్రం ఒకటి దుమ్ము పట్టి ఉంది. రోజూ అక్కడే నిలబడి ఛాయ్ తాగాడు.

లేచి నిలబడి, చెయ్యి ఎత్తాడు.